ట్యాంకు తెలిసిన ఉస్తాదులు

పాత డీజిల్ పికప్ లోడుతో దారిలో ఆగిపోతే నింద ముందుగా ఇంజిను మీద పడుతుంది, తర్వాత పంపు మీద. రోగం మాత్రం చాలాసార్లు ఛాసీ పక్కన వేలాడే ఇనుప ట్యాంకులో ఉంటుంది. అడుగున చేరిన నీళ్లు, రేకు లోపలి తుప్పు, మూసుకుపోయిన జాలి, గాలి ఆడని మూత, పగుళ్లిచ్చిన రబ్బరు పైపు... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎంత బలమైన ఇంజినైనా తిండి అందక కూలబడుతుంది. ఈ సంగతి తెలిసి, బానెట్ ఎత్తకముందే ట్యాంకు దగ్గర మోకాళ్ల మీద కూర్చునే మెకానిక్కే అసలు ఉస్తాద్. ఆర్మూర్ లాంటి ఊళ్లలో పాత బండ్లు ఇంకా పసుపు మోస్తున్నాయంటే అది ఇలాంటి వాళ్ల చేతి చలవ.

ఆర్మూర్‌కు పికప్‌తో పని ఎక్కువ. 44వ, 63వ జాతీయ రహదారులు ఇక్కడే కలుస్తాయి. బాల్కొండ, వేల్పూర్, మోర్తాడ్, జక్రాన్‌పల్లి పొలాల్లో తవ్విన పసుపు ఉడికి, ఎండి, డ్రమ్ముల్లో పాలిష్ పట్టి, కాడి, గోలగా వేరుపడి సంచుల్లో నిజామాబాద్ యార్డుకు కదులుతుంది. అక్కడ ధర కుదరకపోతే మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా పోతుంది. మక్కలు, ఎర్రజొన్న, అంకాపూర్ విత్తనాలు ఎట్లాగూ ఉన్నాయి. నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో మొదలైంది. బోర్డు ఉన్నా లేకున్నా కల్లం నుంచి యార్డు గేటు దాకా సంచులు మోసేది ఈ చిన్న బండ్లే. సీజనులో బండి ఒక్క రోజు ఆగితే కిరాయితో పాటు ఆనాటి ధర కూడా పోతుంది.

చరిత్ర రెండు ముక్కల్లో తేలుతుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో తన ఇంజిను నడిపి చూపాడు. దానికి తగిన ఇంజెక్షన్ పంపును రాబర్ట్ బాష్ కంపెనీ 1927లో పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. 1951లో పుట్టిన బెంగళూరు కంపెనీ మైకో ఆ పనితనాన్ని ఇక్కడికి తెచ్చింది. 2008లో ఆ కంపెనీ పేరు బాష్‌గా మారినా షెడ్లలో అది మైకో పంపే. 1980లలో జహీరాబాద్ ఆల్విన్ నిస్సాన్, డీసీఎం టయోటా, టాటా 407, ఆ తర్వాత మహీంద్రా పికప్పులు, 2005లో టాటా ఏస్ రోడ్డెక్కాయి. డీసీఎం టయోటా పోయి ఎన్నేళ్లయినా తెలంగాణలో ఆ సైజు బండి ఏదైనా డీసీఎమ్మే. ఈ తరం బండ్లలో డీజిల్‌ను లాగడం, తోయడం, చిమ్మడం అన్నీ యంత్రం పనే. స్క్రీన్ మీద కోడు చూపించే కంప్యూటర్ లేదు. అందుకే వీటి రోగం చెవితో, ముక్కుతో, వేలి కొసతో పట్టాలి.

మొదటి శత్రువు నీరు. డీజిల్ లీటరు 830 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది కాబట్టి ట్యాంకులోకి వచ్చిన నీరంతా అడుక్కు దిగుతుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో మిగతా సగం గాలే. రాత్రి చలికి ఆ గాలిలోని తేమ రేకు మీద చెమర్చి కిందికి జారుతుంది. రాత్రికీ పగటికీ వేడిలో తేడా ఎక్కువుండే డిసెంబరు, జనవరి నెలల్లోనే ఇది జోరుగా సాగుతుంది. సరిగ్గా పసుపు తవ్వకాలు మొదలయ్యే వేళ! మూత వాషర్ అరిగిపోతే వానాకాలం నీళ్లు దీనికి తోడు. మూత పోయిందని గుడ్డ కుక్కి తిరిగే బండ్లలో గుడ్డ పీచు, పసుపు దుమ్ము కూడా లోపలికి చేరతాయి. నీరు తుప్పును పుట్టిస్తుంది. నీరు, డీజిల్ తాకే గీత దగ్గర ఒక జాతి బూజు పెరిగి నల్లని జిగురుగా మారి ఫిల్టరును పూడ్చేస్తుంది.

ఉస్తాద్ దీన్ని పట్టే తీరు చూడముచ్చటగా ఉంటుంది. బండిని రాత్రంతా కదపనివ్వడు. తెల్లవారి సెల్ఫ్ కొట్టకముందే ట్యాంకు అడుగు నట్టు వదులుచేసి మొదటి ధారను గాజు సీసాలో పడతాడు. కాసేపు నిలకడగా ఉంచితే అడుగున నీరు, దాని మీద నల్లటి మడ్డి, పైన డీజిల్ మూడు పొరలుగా తేరుకుంటాయి. సీసాలో నీరు ఎంత, తుప్పు రేణువు ఎంత పెద్దది అన్న రెండు గుర్తులతో ట్యాంకును కడగాలా, దింపాలా, కొత్త రేకు వేయాలా అన్నది అక్కడికక్కడే తేల్చేస్తాడు.

జాలి సంగతి ఇంకా తమాషా. ట్యాంకులోంచి డీజిల్ పీల్చే గొట్టం కొసకు సన్నని జాలి ఉంటుంది. లోడుతో బండి నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కుతుంటే ఇంజిను డీజిల్ ఎక్కువ అడుగుతుంది. ఆ పీల్పుకు చెత్తంతా వచ్చి జాలికి అతుక్కుంటుంది, బండి లాగడం మానేసి చచ్చిపోతుంది. డ్రైవరు టీ తాగి వచ్చేసరికి పీల్పు లేక చెత్త రాలిపోయి బండి మళ్లీ స్టార్టవుతుంది. తర్వాతి ఎక్కుడులో మళ్లీ అదే కథ. ఈ లక్షణం విన్న చెయ్యి తిరిగిన మెకానిక్ పంపు మీద స్పానర్ కూడా పెట్టడు. పైపు విప్పి ఊది, ట్యాంకులో బుడబుడ ఎంత దిట్టంగా వినబడిందో గమనిస్తాడు. ఇంకా అనుమానం ఉంటే శుభ్రమైన డీజిల్ నింపిన డబ్బాను ఇంజిను పక్కన వేలాడదీసి, ట్యాంకును పక్కనపెట్టి, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపుకు నేరుగా కలుపుతాడు. డబ్బాతో బండి గుర్రంలా లాగిందా, దోషం ట్యాంకు వైపుది. లాగలేదా, ఇంజిను వైపుది. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష పాత డీజిల్ వైద్యంలో అన్నిటికన్నా గొప్పది.

మూతది చిన్న దోషమైనా మోసకారి. డీజిల్ ఖర్చయిన కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. మూతలోని సన్నని రంధ్రమో, గాలి పైపో దుమ్ముతో మూసుకుపోతే ట్యాంకులో వెలితి పెరిగి ఫీడ్ పంపు లాగలేకపోతుంది. ఆగిన బండి మూత తిప్పగానే సుయ్‌మని గాలి లోపలికి దూసుకుపోతే జబ్బు అదే. సూది మొనతో పోయే రోగానికి ఇంజినులోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ మార్పించుకున్న యజమానులు లేకపోలేదు.

గాలి పట్టడం వేరే రోగం. ఈ బండ్లలో ట్యాంకు కిందుగా, ఫీడ్ పంపు పైన ఉంటాయి. మధ్య పైపులో పీల్పు ఉంటుందే తప్ప ఒత్తిడి ఉండదు. అందువల్ల పగులు ఉన్నా డీజిల్ బొట్టు కారదు. చిల్లు పడిన గొట్టంతో కొబ్బరి నీళ్లు పీల్చినట్టు గాలి లోపలికి వస్తుంది. రాత్రి బండి ఆపాక పైపులోని డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది, పొద్దున సెల్ఫ్ ఎంత కొట్టినా స్టార్టవదు. కారుడు కోసం కళ్లతో వెతికేవాడికి ఇది ఎప్పటికీ దొరకదు. తెలిసినవాడు ఒక్కో జాయింటుకు గ్రీజు పూసి చూస్తాడు, లేదా నడుమ పారదర్శకమైన పైపు ముక్క వేసి బుడగలు ఎక్కడినుంచి వస్తున్నాయో పట్టుకుంటాడు. పైపు కొసను బిగించే బంజో బోల్టు కింద రాగి వాషర్ గట్టిపడిపోతే మంట మీద ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి మళ్లీ మెత్తన చేస్తాడు. తర్వాత చేతి ప్రైమర్ కొడుతూ గాలి తీస్తాడు. ముందు ఫిల్టరు, తర్వాత పంపు, చివర నాజిల్ పైపుల నట్లు: ఈ వరుస తప్పకూడదు. స్క్రూ దగ్గర నురగ ఆగి, కుదురైన ధార రాగానే బిగించే ఆ క్షణం పట్టడంలోనే చేతి నేర్పు తెలుస్తుంది.

అన్నిటికీ మించిన విద్య ట్యాంకు దింపి బాగుచేయడం. దింపిన ట్యాంకును బట్టల సోడా కలిపిన వేడినీళ్లతో పదేపదే కడగాలి. తుప్పు రాలడానికి గులకరాళ్లో గొలుసు ముక్కలో వేసి ఇద్దరు కలిసి అటూ ఇటూ దొర్లించాలి. లోపల డీజిల్ అల్లాడకుండా అడ్డురేకులు ఉంటాయి కాబట్టి రాళ్లు లెక్కపెట్టి వేసి లెక్కపెట్టి తీయాలి. కడిగిన ట్యాంకును తడిగా వదిలేస్తే ఒక్క రాత్రిలో కొత్త తుప్పు పడుతుంది. ఎండలో పూర్తిగా ఆరబెట్టి వెంటనే డీజిల్‌తో తడపాలి.

చిల్లు పూడ్చడం ప్రాణాలతో చెలగాటం. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ప్రమాదం, మంట తగలగానే రేకుకు అంటిన డీజిల్ ఆవిరై గాలితో కలిసి పేలుతుంది. సైలెన్సర్ పొగను ట్యాంకులోకి పంపి వెల్డింగ్ చేసేవాళ్లు ఉన్నారు. ఆ ధైర్యం అనవసరం. ఖాళీగా తిరిగే డీజిల్ ఇంజిను పొగలో ఆక్సిజన్ చాలా మిగిలే ఉంటుంది. కడగడం అయ్యాక చిల్లు పైకి వచ్చేలా ట్యాంకును తిప్పి, చిల్లుకు కొద్దిగా కిందివరకు నీళ్లు నింపి, మూత తెరిచి ఉంచి పని చేయడం పెద్దల పద్ధతి. సూది చిల్లులకు వెల్డింగ్ కూడా వద్దంటారు. రేకును మెరిసేదాకా గీకి, జింకు ముక్కలు కరిగించిన యాసిడ్ పూసి, దూరంగా కాల్చిన రాగి కడ్డీతో టంకం పెడతారు. పెద్ద గాయమైతే జింకు రేకు ముక్కకూ ట్యాంకుకూ విడివిడిగా టంకం పూసి, రెండిటినీ అతికించి మళ్లీ కాల్చి ఒకటి చేస్తారు. చివర సోడా నీళ్లతో యాసిడ్ కడిగేయకపోతే ఆరు నెలల్లో అక్కడే మళ్లీ తుప్పు. కాస్త గాలి నింపి సబ్బు నురగ రాసి చూడడం ఆఖరి పరీక్ష. ఇలా మంచి చేతిలో పడిన అతుకు, చుట్టూ రేకు అరిగిపోయాక కూడా నిలబడి ఉంటుంది.

ఈ విద్యకు ఇప్పుడు పట్టిన గతి చూస్తే కడుపు మండుతుంది. కారుతున్న చోట ఎపాక్సీ ముద్ద అంటించి డబ్బులు తీసుకుని పంపేస్తున్నారు. దారిలో చిల్లుకు సబ్బు రుద్దడం షెడ్డు చేరేదాకా పనికొచ్చే ఉపాయం, దాన్నే రిపేరు అని అమ్మడం దగా. ట్యాంకు విప్పడానికి బద్ధకించి ప్లాస్టిక్ క్యాను బాడీ కింద తాడుతో కట్టి పైపు దూర్చిన బండ్లు కూడా రోడ్డెక్కుతున్నాయి. అది బండి కాదు, కదిలే చితి. పెట్టె చూస్తే అచ్చం అసలుదే అనిపించే నకిలీ ఫిల్టరులో కాగితం నీళ్లు తగలగానే నాని చిరుగుతుంది, వడకట్టాల్సిన చెత్తకు తానే తోడవుతుంది. అన్నిటికన్నా ఘోరం, రోగం చూడకుండా పంపు దింపించి కాలిబ్రేషన్‌కు పంపడం. పంపులో డీజిల్‌ను తోసే ప్లంజరుకూ, అది ఆడే బ్యారెల్‌కూ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే. బాగున్న పంపును విప్పించి, తిరిగి అదే మురికి ట్యాంకుకు తగిలిస్తే కొత్తగా సరిచేసిన ప్లంజరు గీతలు పడక ఏమవుతుంది? రైతు మళ్లీ అప్పు చేస్తాడు, మెకానిక్ మళ్లీ పంపునే తప్పుపడతాడు. పనితనానికి కూలి ఇవ్వడానికి బేరమాడి, స్పేర్ పార్టు బిల్లుకు నోరెత్తకుండా కట్టే యజమానులకూ ఇందులో వాటా ఉంది.

డీజిల్ పోయించుకోవడంలో చిక్కులు మరో రకం. బంకులో నాజిల్ మాటిమాటికీ టక్కుమని ఆగిపోతుంటే బంకు కుర్రాడిని తిట్టడం మామూలు. ఆ నాజిల్ కొసలో చిన్న రంధ్రం ఉంటుంది. డీజిల్ మట్టం దాన్ని మూసినప్పుడు లోపలి పీల్పు పెరిగి మీట దానంతట అదే విడిపోవడం దాని పద్ధతి. పాత పికప్పుల్లో డీజిల్ పోసే పైపు పక్కన గాలి బయటికొచ్చే సన్నని పైపు మూసుకుపోతే ట్యాంకు ఖాళీగా ఉండగానే నురగ పైకి తన్ని ఆ రంధ్రాన్ని కప్పుతుంది. కొత్త బాడీ కట్టించినప్పుడు ఈ పైపులు నలగడం, వంకర పోవడం తరచూ కనిపించే కారణం. మీట సగమే నొక్కి నెమ్మదిగా పోయించుకోవడం అప్పటికి ఉపశమనం, పైపు మార్చడమే మందు. డీజిల్ పోసే రబ్బరు పైపు పగిలితే ఫుల్ ట్యాంకు చేయించిన రోజు మలుపుల్లో డీజిల్ కారుతుంది, సగం ట్యాంకుతో మాయమవుతుంది. పెట్రోల్ నాజిల్ డీజిల్ నాజిల్ కన్నా సన్నం కాబట్టి డీజిల్ బండిలోకి సులువుగా దూరుతుంది. పొరపాటున పెట్రోల్ పడితే తాళం తిప్పకుండా అక్కడే ట్యాంకు ఖాళీ చేయించాలి. పంపులోని ప్లంజరుకు కందెన డీజిలే, పెట్రోలుకు ఆ గుణం లేదు. చవకని కిరోసిన్ కలిపిన కాలంలో పంపులు అరిగిపోయింది కూడా ఇందుకే.

2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న బీఎస్-6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎంకు మించదు. గంధకం తీసే ప్రక్రియలో జారుడుతనం కొంత పోతుంది, రిఫైనరీలు దాన్ని సంకలితాలతో పూరిస్తాయి. పంపులోని ఏళ్లనాటి రబ్బరు సీళ్లు మాత్రం ఇంధనం స్వభావం మారినప్పుడు కుంచించుకుని చెమర్చవచ్చు. సీళ్ల సెట్టు మారిస్తే సరిపోయేదానికి పంపే మార్చమనే సలహా వినకూడదు. కొలత మీద, నాణ్యత మీద అనుమానం ఉంటే బంకులో అయిదు లీటర్ల కొలతపాత్రతో, సాంద్రత పరీక్షతో చూపించమని అడిగే హక్కు కొనేవారికి ఉంది.

కొత్త పికప్పుల్లో కామన్ రైల్ వచ్చి డీజిల్ వెయ్యి బార్లు దాటిన ఒత్తిడితో చిమ్ముతోంది. తుప్పు రేణువునూ నీటి చుక్కనూ ఆ ఇంజెక్టర్లు పాత మైకో నాజిల్ ఓర్చుకున్నంత కూడా ఓర్చుకోలేవు. కాబట్టి స్కానర్ పట్టుకున్న కుర్రవాడికి కూడా సీసా పరీక్ష, డబ్బా పరీక్ష రావాలి. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ ట్రేడు ఏడాది కోర్సుగా ఉంది. నిజామాబాద్ జిల్లా ఐటీఐలు పసుపు సీజనుకు ముందు ఒక్క వారం షెడ్లలోని పాత ఉస్తాదులను పిలిచి, కూలి ఇచ్చి, పిల్లల చేత ట్యాంకు దింపించి, కడిగించి, టంకం పెట్టించాలి. నకిలీ ఫిల్టర్లు అమ్మే దుకాణాల మీద తనిఖీ కూడా జనవరిలోపే జరగాలి, పసుపు యార్డుకు చేరిపోయాక చేస్తే ఉపయోగం లేదు.