ఎక్కడ దొరికింది?

తవ్వకాల్లో బయటపడ్డ వస్తువుల వివరాలు డేటాబేస్‌లోకి ఎక్కించే పని నాది. చెబితే చాలామంది అదేదో గుమాస్తా పని అనుకుంటారు. తవ్వినవాళ్ల ఫొటో పేపర్లో పడుతుంది, పెంకు వెనక నంబరు రాసినవాళ్లది పడదు. కానీ ఏ నేలనైనా ఒక్కసారే తవ్వగలం. తీసిన పొరను మళ్లీ అలాగే పరవడం ఎవరి తరమూ కాదు. ఆ తర్వాత మిగిలేవి వస్తువూ, దాని గురించి ఆ రోజు రాసుకున్న రాతా. ఆ రాత పోతే వస్తువు విలువ సగం పోయినట్టే.

దీనికి నాగార్జునకొండను మించిన సాక్ష్యం మనకు లేదు. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955లో శంకుస్థాపన జరిగింది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ మునగబోయే ఆ లోయను తవ్వింది. రాతియుగపు పనిముట్ల మొదలు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి దాకా బయటపడ్డాయి. కొన్ని కట్టడాలను కొండమీదికీ దగ్గర్లోని అనుపుకీ తరలించారు, లోయ నీట మునిగింది. ఇవాళ మనకు ఏ అనుమానం వచ్చినా తిరిగి అక్కడికెళ్లి గుంత తీసి చూడలేం. ఆ తవ్వకాల నివేదిక మొదటి సంపుటం 1975లో వచ్చింది. చారిత్రక యుగానికి సంబంధించిన రెండో సంపుటం వచ్చేసరికి 2006 అయింది. అన్నేళ్ల తర్వాత కూడా అది రాయగలిగారంటే, తవ్వినప్పుడు రాసి పెట్టిన కాగితాల చలవే.

అమరావతి స్తూపం కథ వేరు. సర్వేయర్ కాలిన్ మెకంజీ మనుషులు 1816లో అక్కడి శిల్పాల బొమ్మలు గీశారు. 1845లో మద్రాసు అధికారి వాల్టర్ ఇలియట్ మరికొన్ని రాళ్లు తవ్వి తీయించాడు. అవి మద్రాసు చేరి, అక్కడి నుంచి లండన్ చేరి, చివరికి బ్రిటిష్ మ్యూజియంలో కుదురుకున్నాయి. అక్కడ వాటి నంబర్లు 1880,0709తో మొదలవుతాయి. అంటే 1880 జులై 9. మ్యూజియం పుస్తకాల్లోకి ఎక్కిన తేదీ అది. ఆ రాయి స్తూపం చుట్టూ ఏ దిక్కున నిలబడి ఉండేదో ఆ నంబరులో లేదు. ఆ సంగతి తేల్చాలంటే ఇప్పటికీ మెకంజీ బొమ్మలను ముందు పెట్టుకోవాల్సిందే. రాయి కంటే దాని స్థానం తొందరగా పోతుందని అమరావతిని చూస్తేనే నాకు బాగా అర్థమైంది.

డేటాబేస్‌లో నేను అన్నింటికంటే పట్టుబట్టేది ఒకటుంది. కళ్లకు కనిపించింది ఒక గడిలో, మనం అనుకున్నది ఇంకో గడిలో ఉండాలి. రెండూ కలవకూడదు.

ఒక సీసపు నాణెం తీసుకుందాం. ఒకవైపు ఏనుగు, రెండోవైపు నాలుగు వలయాలను అడ్డగీతలతో కలిపిన ఉజ్జయిని చిహ్నం. శాతవాహనులదని చెప్పడానికి అది చాలు. ఏనుగు చుట్టూ బ్రాహ్మీ అక్షరాలున్నాయి గానీ, అచ్చు పెద్దది, లోహపు బిళ్ల చిన్నది, సగం అక్షరాలు అంచు దాటిపోయాయి. మిగిలింది ‘సాతకణిస’. చేయి ఊరుకోదు, వెంటనే ‘గౌతమీపుత్ర శాతకర్ణి’ అని కొట్టేయాలనిపిస్తుంది. కానీ శాతకర్ణి పేరున్న రాజు ఒక్కడు కాదు. ముందు ‘గోతమిపుతస’ అని కనిపించినా తేలదు, యజ్ఞశ్రీ శాతకర్ణి కూడా తన నాణేల మీద గోతమిపుతుడనే చెప్పుకున్నాడు. అందుకే చదివిన అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు, పోయినచోట చుక్కలు పెట్టి, బరువు, కొలతలు, ఫొటో జతచేసి వదలాలి. రాజు ఎవరన్న గడిలో ఊహ రాస్తే, ఊహించిందెవరో పక్కన ఉండాలి. రేపు ఇదే అచ్చుతో ఇంకో నాణెం దొరికి మిగతా అక్షరాలు బయటపడితే, అప్పుడు దిద్దుకోవచ్చు.

పెంకుల దగ్గర ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. లోపలా అంచూ నలుపు, బయట కిందిభాగం ఎరుపు ఉన్న పెంకు చూడగానే కాలం గడిలో ‘బృహచ్ఛిలాయుగం’ అని పడిపోతుంది. రాక్షస గుళ్లలో, అంటే ఆ కాలపు పెద్దరాళ్ల సమాధుల్లో, ఇలాంటి కుండలు దొరుకుతాయి, నిజమే. అంతకు ముందు కాలంలోనూ ఉన్నాయి, తొలి చారిత్రక పొరల్లోనూ ఉన్నాయి. రంగును బట్టి కాలం రాసి, ఆ కాలాన్ని బట్టి పొరకు వయసు కట్టి, ఆ పొరను చూపి మళ్లీ పెంకు వయసు చెబితే అది గానుగెద్దు నడకే. ఏ గుంత, ఏ పొర, ఎంత లోతు, ఇవి ముందు. రకం తర్వాత. పొర తెలియకపోతే ఆ గడి ఖాళీగా ఉండనివ్వాలి, ఎందుకు ఖాళీయో ఒక మాట రాయాలి. అందంగా నిండిన తప్పు రికార్డు కంటే అది వెయ్యి రెట్లు మేలు.

ఊరి సంగతీ చూడండి. పాత రిజిస్టర్లలో తవ్వకాలు జరిగిన కోటిలింగాల, ధూళికట్ట, పెద్దబంకూరు అన్నీ కరీంనగర్ జిల్లాలోనివే. 2016లో జిల్లాలు విడదీశాక మొదటిది జగిత్యాలకు, మిగతా రెండూ పెద్దపల్లికి వెళ్లాయి. నాగార్జునకొండ గుంటూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు పల్నాడు. కొత్త పేరు రాయడానికి పాతది చెరిపితే, పాత పుస్తకం పట్టుకుని వెతికే విద్యార్థికి దారి మూసేసినట్టే. రెండూ ఉంచాలి, అక్షాంశ రేఖాంశాలు కూడా చేర్చాలి. అయితే ఆ అంకెలను అందరికీ తెరిచిపెట్టకూడదు. గుప్తనిధుల పేరుతో రాత్రికి రాత్రి గుళ్ల పునాదులు పెకలించే ముఠాలున్న నేల ఇది. పరిశోధకులకు పూర్తి వివరం ఇవ్వాలి, బయటికి మండలం పేరు చాలు.

భారత పురావస్తు శాఖ ఆధ్వర్యంలో 2007లో కట్టడాలకూ పురావస్తువులకూ జాతీయ మిషన్ ఒకటి మొదలైంది. మంచి పని. కానీ ఎంత పెద్ద డేటాబేస్ అయినా, వస్తువు భూమిలోంచి లేచిన ఆ క్షణంలో ఎవరో ఒకరు రాసి ఉంచకపోతే, ఆ గడిని తర్వాత ఎవరూ నింపలేరు.

ఆ ఎవరో ఒకరు మీరే కావచ్చు. చేలో దున్నుతుంటేనో, ఇంటికి పునాది తీస్తుంటేనో నాణేలు, శిల్పం, కుండ ఏది కనిపించినా కడగకండి, పంచుకోకండి. కదిలించకముందే ఫోనుతో ఒక ఫొటో తీయండి, సర్వే నంబరు, లోతు ఒక కాగితం మీద రాయండి. తహసీల్దారుకు చెప్పండి. పది రూపాయలకు మించిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి చట్టమే చెబుతోంది.