‘రోబో’ చలనచిత్రం – ప్రేక్షకుల భిన్నాభిప్రాయాలు: వెట్టి స్మృతి నేపథ్యంలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ఒక చలనచిత్రం గురించి ప్రేక్షకులు తలా ఒక మాట అనడం సహజం. ఆ భేదం కథలో ఏ చోట మొదలవుతున్నదో గమనిస్తే, చిత్రం పరిష్కరించకుండా వదిలిన చిక్కు ఒక్కొక్కసారి బయటపడుతుంది. శంకర్ దర్శకత్వంలో సన్ పిక్చర్స్ నిర్మించిన తమిళ చిత్రం ‘ఎందిరన్’, దాని తెలుగు అనువాదం ‘రోబో’ 2010 అక్టోబరు 1న విడుదలయ్యాయి. శాబు సిరిల్ కళాదర్శకత్వానికి, శ్రీనివాస్ మోహన్ ప్రత్యేక దృశ్యాలకు జాతీయ పురస్కారాలు లభించాయి. తెలుగులో ఈ చిత్రంపై వచ్చిన చర్చ చాలావరకు ఈ సాంకేతిక విజయం దగ్గరో, రజనీకాంత్ అభినయం దగ్గరో ఆగిపోయింది. మాట్లాడే, ఆలోచించే, చివరికి ప్రేమించే ఒక యంత్రం పట్ల ప్రేక్షకుడు ఏ వైఖరి తీసుకున్నాడన్న ప్రశ్న వెనుకబడింది.

ఆ ప్రశ్నను సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల పరిధిలో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. 2010 నాటికి ఈ మూడూ ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న సూర్యాపేట ప్రత్యేక జిల్లా కాగా కోదాడ అందులో చేరింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. ఇక్కడ ప్రస్తావించే అభిప్రాయాలు లెక్కగట్టిన సర్వే ఫలితాలు కావు. థియేటరు బయట, తరగతి గదిలో, టీవీ ముందు ఈ చిత్రం గురించి సాధారణంగా సాగే మాటల తీరును మాత్రమే అవి సూచిస్తాయి.

మొదటి సగం, రెండో సగం

‘రోబో’ గురించి తరచుగా వినిపించే మాట ఒకటుంది: మొదటి సగం బాగుంది, రెండో సగం సాగింది. దీనికి సరిగ్గా ఎదురుమాట కూడా అంతే తరచుగా వినిపిస్తుంది. అభిమానులకు ప్రతినాయకుడైన చిట్టే అసలైన రజనీకాంత్. వందల ప్రతిరూపాలు ఒకదానికొకటి అతుక్కొని గోళంగా, పాముగా, భారీ ఆకారంగా మారే పతాక సన్నివేశాలే టికెట్టుకు తగిన ఫలం. ఇంజినీరింగ్ చదివే యువకులు అయస్కాంతం, బ్యాటరీ, మెరుపు దెబ్బ వంటి విషయాల్లో తర్కం వెతికి పెదవి విరుస్తారు. చిట్టి దోమలతో సంభాషించే ఘట్టం కొందరికి నవ్వుల పంట, మరికొందరికి కథకు సంబంధం లేని పిట్టకథ.

పైకి ఇవన్నీ అభిరుచి భేదాలే. కాని మొదటి సగంలో చిట్టి ఏమి చేస్తాడో చూస్తే ఇంకొక విషయం తోస్తుంది. వండుతాడు, రౌడీలను కొడతాడు, నాయిక సనాకు పరీక్షలో సాయపడతాడు, పిలిచిన చోటికి వస్తాడు. అడిగింది చేస్తాడు, తనకేమీ అడగడు. రెండో సగంలో అతనికి ఒక కోరిక పుడుతుంది. మొదటి సగం హాయిగా సాగిందని, రెండోది భారమైందని అనేవారిలో కథనం తూకం తప్పిందన్న ఫిర్యాదుతో పాటు, చెప్పినమాట వినే సేవకుడు చేజారిపోయిన అసౌకర్యం కూడా కొంత కలిసి ఉండవచ్చు. కథనపరమైన లోపం లేదని దీని అర్థం కాదు. సనా అపహరణ తరువాతి వెంటాట నిజంగానే నిడివి మీరింది.

తెలుగు ప్రేక్షకుడు ఈ కథను తన దగ్గరున్న కొలతలతోనే కొలిచాడు. వరమిచ్చిన వానికే ముప్పుగా మారిన భస్మాసురుడు అందరికీ తెలుసు. ‘పాతాళభైరవి’ (1951) ఇంకా దగ్గరి పోలిక. అక్కడి దేవత ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వారి కోరికలే తీరుస్తుంది: తోటరాముడి చేతిలో ఉన్నంతసేపు మేడలు కడుతుంది, మాంత్రికుడి చేతికి చిక్కితే ఆ మేడలనే ఎత్తుకుపోతుంది. పరీక్ష సమయంలో ఆచార్య బోరా ఆజ్ఞాపించగానే చిట్టి తన సృష్టికర్త వశీకరన్ మీదికే కత్తి ఎత్తడం ఈ తర్కానికి సరిగ్గా సరిపోతుంది. భైరవికి మాత్రం సొంత కోరిక లేదు. కోరిక కలిగిన ప్రతిమను ఏమనాలో చెప్పే కథ మన జానపద చిత్రాల్లో దొరకదు. ప్రేక్షకాభిప్రాయం సరిగ్గా అక్కడే రెండుగా చీలింది.

చిట్టి అన్న పేరు

అనువాద చిత్రాలను విమర్శకులు సాధారణంగా మూలానికి నీడలుగా చూస్తారు. ‘రోబో’ విషయంలో అనువాదం కొత్త అర్థాన్ని తెచ్చిపెట్టింది. తమిళ శీర్షికలో ‘యంత్రం’ అన్న మాట పుంలింగ రూపంలో ఉంది, యంత్రమే ఒక పురుషుడైనట్లు. తెలుగులో ‘మరమనిషి’ అన్న చక్కని మాట ఉన్నా నిర్మాతలు దాన్ని ఎంచుకోలేదు. ఆ మాటలో మర, మనిషి పక్కపక్కనే ఉన్నాయి. కథలోని వివాదమంతా ఆ సమాసంలోనే ఉంది.

పేరు మాత్రం తెలుగులో బాగా అతికింది. ‘చిట్టి’ తెలుగు ఇళ్లల్లో చిన్నపిల్లల ముద్దుపేరు, చిన్నచెల్లెలి పేరు. (నెలనెలా వేలంపాట పాడే చిట్టీ కూడా ఈ పట్టణాల్లో అంతే పరిచితమైన మాట, అది వేరే సంగతి.) ఆ పిలుపు విన్న ప్రేక్షకుడికి లోహపు దేహంలో ఒక పసితనం కనిపిస్తుంది. 2024లో వచ్చిన నాగ్ అశ్విన్ చిత్రం ‘కల్కి 2898 ఏ.డి.’లో కీర్తి సురేశ్ గొంతుతో మాట్లాడే వాహనానికి పెట్టిన పేరు కూడా ‘బుజ్జి’ కావడం గమనార్హం. యజమానికి ఎదురుసమాధానం చెప్పినా ముద్దుగానే వినిపించే పేరు అది. ఇంటి పనివారిని వయసు ఎంతైనా పొట్టిపేర్లతో పిలిచే అలవాటు మన సమాజానికి కొత్తది కాదు. ముద్దులోనూ ఒక అంతస్తు ఉంది.

అందుకే సైన్యాధికారుల ముందు ప్రేమను గురించి మాట్లాడి పరీక్షలో తప్పిన చిట్టిని వశీకరన్ గొడ్డలితో ముక్కలు చేసి చెత్తకుప్పకు పంపినప్పుడు, ఎక్కువమంది నోటివెంట వచ్చే మాట ‘పాపం’. తెలుగులో ఈ ఒక్క మాట జాలినీ చెబుతుంది, దోషాన్నీ చెబుతుంది. కథ దృష్టిలో దోషం చిట్టిది, కాని ప్రేక్షకుడి మాటలోని జాలి కథకు ఎదురు నిలుస్తుంది. కొడుకులాంటి వాణ్ని తండ్రే నరికినట్టుందని నొచ్చుకునేవారు ఒకవైపు, తయారుచేసిన వానికి పగలగొట్టే హక్కు ఉండదా అనేవారు మరొకవైపు. ‘రోబో’ మీద ఉన్న భిన్నాభిప్రాయాలన్నిటిలోకీ లోతైనది ఇదే. దోమల ఘట్టం మీద జరిగినంత చర్చ కూడా దీనిమీద జరగలేదు.

రోబోటా, వెట్టి

‘రోబో’ అన్న మాటను ప్రపంచానికి ఇచ్చింది చెక్ రచయిత కారెల్ చాపెక్ నాటకం ‘ఆర్.యు.ఆర్.’. అది 1921లో ప్రాగ్‌లో ప్రదర్శితమైంది. మాటను సూచించింది అతని సోదరుడు జోసెఫ్. చెక్ భాషలో ‘రోబోటా’ అంటే ప్రభువు భూమిలో రైతు కూలి లేకుండా చేయక తప్పని పని. దీనికి తెలుగులో వివరణ అక్కరలేదు, మాట సిద్ధంగా ఉంది: వెట్టి. చాపెక్ నాటకంలోని రోబోలు ఇనుప బొమ్మలు కావు. కర్మాగారంలో తయారైన, మనిషిని పోలిన శ్రామికులు. వారు తిరగబడతారు. నాటకం ప్రదర్శితమైన 1921లోనే హైదరాబాదులో నిజాం రాష్ట్ర ఆంధ్ర జనసంఘం ఏర్పడింది. వెట్టిచాకిరి నిర్మూలన ఆ సంస్థ, దాని వారసురాలైన ఆంధ్ర మహాసభ ఎత్తుకున్న ముఖ్య సమస్యల్లో ఒకటి.

సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాలు 1946–51 నాటి తెలంగాణ సాయుధ పోరాటానికి ప్రధాన రంగాలు. దొర గడికి నీళ్లు మోయడం, అధికారి మకాముకు కట్టెలు చేర్చడం, కబురు వస్తే సొంత పొలం వదిలి పరుగెత్తడం వెట్టిలోని రోజువారీ రూపాలు. కూలి ఇవ్వకపోవడం ఒక్కటే వెట్టి లక్షణం కాదు. ‘రాను’ అనే హక్కు లేకపోవడం దాని అసలు లక్షణం. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవలలు చదివించే అధ్యాపకులకు ఇది తెలిసిన విషయమే. వైజ్ఞానిక కల్పనను పాఠ్యాంశంగా ఎత్తుకున్నప్పుడు మాత్రం ఈ రెండు ధారలనూ కలిపి చూడటం అరుదు.

2010లో ‘రోబో’ చూసిన కోదాడ యువకుడికి వెట్టి గుర్తుకువచ్చిందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. అతనికి యంత్రమంటే భయం కూడా లేదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో వరికోత యంత్రం ఒక మామూలు దృశ్యం. మిర్యాలగూడ రైసుమిల్లుల్లో మచ్చ గింజను కెమెరా కన్నుతో పసిగట్టి గాలి దెబ్బతో పక్కకు నెట్టే సార్టెక్స్ యంత్రాలున్నాయి. దసరాకు మిల్లుకూ ట్రాక్టరుకూ బొట్టు పెట్టి నిమ్మకాయ కట్టే చోట యంత్రం పరాయిది కాదు. అయినా అతను అన్న ‘పాపం’ యంత్రాన్ని ఉద్దేశించింది కాదు. పని చేసి చేసి, ఒక్క కోరిక కోరినందుకు నరకబడ్డ వానిని ఉద్దేశించింది. ఆ జాలికి ఈ నేలలో ఒక చరిత్ర ఉందని గుర్తించడం ప్రేక్షకుడి పని కాదు, విమర్శకుడి పని.

అయితే చిత్రం ఈ జాలిని నిలవనివ్వదు. చాపెక్ రోబోలు బానిసత్వాన్ని తిరస్కరిస్తాయి. చిట్టి తన యజమాని ప్రేమించిన స్త్రీని కోరతాడు. ఈ మార్పు చిన్నది కాదు. సనా స్పష్టంగా తిరస్కరించిన తరువాత కూడా ఆమెను పెళ్లిపీటల మీద నుంచి ఎత్తుకుపోయే చిట్టి పక్షాన ఎవరూ నిలవలేరు, నిలవకూడదు. ఈ భాగంపై స్త్రీల నుండి వచ్చే అభ్యంతరం పూర్తిగా న్యాయమైనది. చిట్టి తన బతుకు మీద తనకు హక్కు అడిగి ఉంటే ప్రేక్షకుడు ఎటు నిలిచేవాడన్న ప్రశ్న కథ రానివ్వలేదు. వ్యక్తిగా గుర్తింపు కోరే యంత్రాన్ని స్త్రీని వెంటాడే మగవాడిగా మార్చి, శిక్షను ముందుగానే సమర్థించుకుంది. సనా పాత్ర ఈ ఏర్పాటుకు సాధనంగా మిగిలింది.

అగ్నిప్రమాద ఘట్టంలోనూ ఇటువంటి దాటవేతే కనిపిస్తుంది. స్నానం చేస్తున్న యువతిని చిట్టి మంటల్లోంచి ఉన్నదున్నట్లుగా బయటికి తెస్తాడు. కెమెరాల ముందు నిలవలేక పరుగెత్తిన ఆమె లారీ కింద పడి మరణిస్తుంది. మానమర్యాదలు తెలియని యంత్రం లోపంగా చిత్రం దీన్ని చూపుతుంది, వశీకరన్ అతనికి భావాలు నేర్పడానికి ఇదే కారణమవుతుంది. ఆ కెమెరాల వెనుక ఉన్నవారు మనుషులే. మర్యాద తెలిసీ చిత్రీకరించినవారి మీద కథ ఒక్క క్షణమైనా నిలవదు.

న్యాయస్థానంలో చిట్టి

చిత్రంలో అతి తక్కువ చర్చకు వచ్చినదీ, అతి ముఖ్యమైనదీ న్యాయస్థాన ఘట్టం. హింసకు మూలమైన ఎర్ర చిప్‌ను బోరా అమర్చాడు. వశీకరన్ దాన్ని తొలగించగానే చిట్టి పూర్వస్థితికి వస్తాడు. మరణశిక్ష పడ్డ వశీకరన్‌ను కాపాడేది చిట్టి చూపిన దృశ్య సాక్ష్యమే. దాన్ని స్వీకరించిన న్యాయస్థానం సృష్టికర్తను విడిచిపెట్టి, చిట్టిని విడదీయమని ఆదేశిస్తుంది.

నిఘా కెమెరా దృశ్యాన్ని కూడా సాక్ష్యంగా స్వీకరిస్తారు కదా, అంతమాత్రాన కెమెరా వ్యక్తి అవుతుందా అని అడగవచ్చు. అడగవలసిందే. చిట్టి వస్తువే అయితే చిప్ తీసిన తరువాత అతనిలో శిక్షించవలసినది ఏమీ లేదు, ప్రమాదకరమైన భాగం అప్పటికే పోయింది. వ్యక్తి అయితే ఇంకొకరు బలవంతంగా చేయించిన నేరానికి అతన్ని శిక్షించడం అన్యాయం. రెండు విధాలా తీర్పు నిలవదు. చిత్రం దీన్ని గుర్తించిందా లేదా అన్నది వేరే విషయం. ముగింపు చూస్తే కొంతవరకు గుర్తించినట్లే ఉంది. తనను తాను విడదీసుకోమన్న వశీకరన్ మాటకు చిట్టి ఎదురుచెప్పడు. అందరికీ క్షమాపణ చెప్పి, తన చేతులతోనే తన భాగాలు ఒక్కొక్కటిగా ఊడదీసుకుంటాడు. 2030 నాటి మ్యూజియంలో, ఎందుకు విడదీశారని అడిగిన పాఠశాల బాలికకు, తాను ఆలోచించడం మొదలుపెట్టినందువల్లనని చెబుతాడు.

ఈ ఆత్మవిచ్ఛేదం దగ్గర మూడు పట్టణాల్లోనూ కళ్లు తుడుచుకున్నవారు ఉంటారు, లేచి చెప్పులు వెతుక్కున్నవారూ ఉంటారు. మొదటివారి స్పందనను భావావేశమని తీసిపారేయడం సులభం. కాని ఆ ఘట్టంలో చిట్టి చేసినది యజమాని చెప్పిన చివరి పని. దానికీ కూలి లేదు, కాదనే వీలూ లేదు. రెండో సగాన్ని తిట్టినవారు, మెచ్చినవారు కూడా ఈ ఒక్క చోట ఎక్కువగా మౌనంగానే ఉన్నారు. విమర్శ మాట్లాడవలసింది ఇక్కడే. మాట్లాడితే రజనీకాంత్ ద్విపాత్రాభినయం కన్నా వశీకరన్ పాత్ర పేరు దగ్గర మొదలుపెట్టడం మేలు. వశీకరణమంటే తెలుగులోనూ లొంగదీసుకోవడమే.

2018 నవంబరు 29న ‘2.0’ విడుదలైంది. పక్షుల కోసం సెల్‌ఫోన్ల మీద పగబట్టిన శక్తిని అడ్డుకోవడం సైన్యానికి సాధ్యం కాకపోవడంతో, చిట్టిని మళ్లీ బిగించాలని వశీకరనే ప్రతిపాదిస్తాడు. ఎనిమిదేళ్ల కిందట న్యాయస్థానం ఇచ్చిన ఆదేశం ప్రభుత్వ అవసరం ముందు పెద్ద అడ్డంకి కాలేదు. భాగాలు అమరుతాయి, కళ్లు వెలుగుతాయి, పని ఏమిటో చెబుతారు. చిట్టి బయలుదేరుతాడు.