పదహారు పేజీల మడత

పుస్తక ప్రచురణ చదువుకుందామని ఢిల్లీ వెళ్లిన మొదటి వారంలో మాస్టారు మా అందరికీ తలో తెల్లకాగితం ఇచ్చి మూడుసార్లు మడవమన్నారు. దాన్ని కొయ్యకుండానే, మూలలు ఎత్తి చూసుకుంటూ 1 నుంచి 16 దాకా అంకెలు వేయించారు. తరవాత విప్పమన్నారు. ఒకవైపు 1 పక్కన 16, 4 పక్కన 13. రెండోవైపు 2 పక్కన 15. సగం అంకెలు తలకిందులుగా ఉన్నాయి. వెన్ను మడతకు అటూ ఇటూ పడిన ఏ రెండు అంకెల్ని కలిపినా 17 వచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

మన ప్రెస్సుల్లో ఈ పదహారు పేజీల మడతనే ఫారం అంటారు. పుస్తకం లెక్కంతా ఇక్కడే మొదలవుతుంది. డెమ్మీ 1/8 సైజుకు 23×36 అంగుళాల షీటు వాడితే రెండువైపులా కలిపి 32 పేజీలు పడతాయి. 160 పేజీల పుస్తకానికి 5 షీట్లు చాలు. వెయ్యి కాపీలంటే 5 వేల షీట్లు, అంటే 10 రీములు, తరుగు కాక. అదే పుస్తకం 163 పేజీలకు తేలిందంటే ఆ మూడు పేజీల కోసం ఇంకొంత కాగితం, ఇంకో జత ప్లేట్లు, బైండరుకు ఇంకో మడత. అప్పుడు ఎడిటరు మళ్లీ రాతప్రతి దగ్గరికే వెళ్లాలి. ఏ అధ్యాయం చివర రెండే పంక్తులు కొత్త పేజీలోకి జారాయో వెతకాలి, రచయితతో మాట్లాడి ఓ వాక్యం తగ్గించాలి. కాగితం లెక్కా వాక్యం నడకా ఒకే బల్ల మీద తేలే పని ఇది. అందుకే నాకు ఈ చదువంటే అంత ఇష్టం.

ఈమధ్య తెలుగు ఎమ్మే చదువుతున్న ఒకమ్మాయి ఫోన్ చేసి, "మేడం, ఇది చదివితే ఉద్యోగం వస్తుందా?" అని అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. చెన్నై, పుదుచ్చేరిల్లో విదేశీ ప్రచురణ సంస్థలకు కాపీఎడిటింగ్, టైప్‌సెట్టింగ్ చేసిపెట్టే కంపెనీలున్నాయి. నాతో చదివినవాళ్లు చాలామంది అటే వెళ్లారు. పాఠ్యపుస్తకాలు వేసేవాళ్లకూ మనుషులు కావాలి. తెలుగు సాహిత్యంలో మాత్రం నెలజీతం మీద ఎడిటరును పెట్టుకునేవాళ్లు బహు తక్కువ. సొంత డబ్బుతో పుస్తకం వేసుకునే రచయితకు డీటీపీ చేసేవారు దొరుకుతారు, ప్రెస్సు దొరుకుతుంది. ఆ రెండింటికీ ముందు రాతప్రతిని పట్టించుకునే మనిషే దొరకరు.

కోర్సులు లేకపోలేదు. ఇగ్నో పీజీ డిప్లొమా, జాదవ్‌పూర్ యూనివర్సిటీ కోర్సు, కోల్‌కతాలో సీగల్ వాళ్ల స్కూలు, నేషనల్ బుక్ ట్రస్ట్ శిక్షణ తరగతులు, ఇలా కొన్ని నడిచాయి. నేను చదివిన చోట పాఠమంతా ఇంగ్లీషు అక్షరం చుట్టూనే తిరిగింది. 10 పాయింట్ల అక్షరానికి 12 పాయింట్ల లీడింగ్, అంటే పంక్తికీ పంక్తికీ మధ్య దూరం, అని నేర్పారు. తెలుగుకు అదే పెడితే పై పంక్తి వత్తులు కింది పంక్తి గుడులకు తగులుతాయి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం చాలు, పైకీ కిందికీ ఎంత చోటు కావాలో తెలియడానికి. మన మాటలు సంధులతో, ప్రత్యయాలతో సాగుతాయి. 'వెళ్లిపోవలసివచ్చినప్పటికీ' పంక్తి చివర పడితే ఎక్కడ విరవాలి? విరవకపోతే పంక్తిలో మాటల మధ్య తెల్లటి కాలవలు పడతాయి. పదసూచిక వేసేటప్పుడు 'క్ష'ను నిఘంటువుల్లోలా 'క' కింద చేర్చాలా, బాలశిక్షలోలా వేరే అక్షరంగా చివర్లో పెట్టాలా? వీటికి జవాబులు నేను ప్రెస్సుల్లో పాతవాళ్లను అడిగి, ఒక్కొక్కటీ నోటుపుస్తకంలో రాసుకున్నాను.

1829లో వేమన పద్యాలు అచ్చువేయించిన బ్రౌన్ దొర పండితుల్ని కూర్చోబెట్టి తాళపత్ర ప్రతులు సరిపోల్చే పని చేయించాడు. అంటే రాతప్రతిని పట్టించుకునే పని మనకు కొత్తది కాదు. తెలుగు ఎమ్మేలో దానికి ఒక్క పేపరైనా ఉండాలని నా గట్టి కోరిక. ఒక సెమిస్టరు రాతప్రతి దిద్దడం, ఇంకోటి పేజీ కట్టడం. వారానికి ఒకరోజు ప్రెస్సులో.

ఇంత పట్టుదల ఎందుకంటే, నా చేతుల మీదుగా వెళ్లిన ఒక ఆత్మకథ ఉంది. రాసింది రిటైరైన స్కూలు మాస్టారు. ప్రూఫును ఇద్దరు కూర్చుని చూడాలని, ఒకరు పైకి చదువుతుంటే రెండోవారు చూపుతో పట్టుకోవాలని మాకు నేర్పారు. తొందరలో నేనొక్కదాన్నే స్క్రీన్ మీద చదివేశాను. 'నిజం చెప్పాను' అన్నచోట దీర్ఘం పోయి 'నిజం చెప్పను' అని అచ్చయింది. రెండూ సరైన మాటలే. అక్షరదోషాలు వెతికే సాఫ్ట్‌వేరు ఆపదు. 500 కాపీలు కట్టలు కట్టి వచ్చాక ఆయనే చూశారు. ఒక్క మాట అనలేదు. "పెన్నుందామ్మా?" అని అడిగి మొదటి కాపీ తెరిచి దీర్ఘం పెట్టారు. మిగతావాటిలో ఆయన వరండాలో కూర్చుని రెండు రోజులు నేను పెట్టాను.

ఫోన్ చేసిన అమ్మాయిని సోమవారం రమ్మన్నాను. ప్రూఫు పైకి చదవడానికి నాకు ఇంకో గొంతు కావాలి. మాస్టారు దిద్దిన ఆ మొదటి కాపీ నా బల్ల మీదే ఉంటుంది, 87వ పేజీలో నల్లసిరా దీర్ఘంతో.