గట్టిమేళంలో ఒక్క పిలుపు

చెవీ, పెళ్ళిపందిట్లో నిలబడి నీకు దండం పెడుతున్నాను.

జీలకర్ర-బెల్లం వేళయింది. "గట్టిమేళం, గట్టిమేళం" అని పంతులుగారు చెయ్యెత్తారు. డోలు దడదడలాడింది, సన్నాయి పందిరి కప్పు దాటింది. భోజనాల దగ్గర గరిటెల చప్పుడు, బయట జనరేటర్ రొద, కాళ్ళకడ్డం పడే పిల్లల కేరింతలు. ఇవేవీ నీ వాకిట్లోకి విడివిడిగా రావు. అన్నీ కలిసి ఒక్క ఏరై వస్తాయి. ఏ నీరు ఏ వాగుదో నువ్వే తేల్చాలి.

తేలుస్తావు. ఆ మూల నుంచి అత్తయ్య "ఒరేయ్ చిన్నోడా" అనగానే నా తల అటు తిరిగిపోతుంది.

కుడివైపు పిలుపు నీ ఎడమ తోబుట్టువును చేరేసరికి మహా అయితే 0.0007 సెకను ఆలస్యం. అందులో లక్షో వంతు సెకను తేడా వచ్చినా పసిగట్టి దిక్కు చెప్పగలవు. నీ లోపల నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన దారి, విప్పి పరిస్తే మూడున్నర సెంటీమీటర్లు. కీచు స్వరాలు గుమ్మం దగ్గరే దిగిపోతాయి, డోలు మంద్రం చిట్టచివరిదాకా నడుస్తుంది. సుమారు 3,500 లోపలి రోమకణాలు మెదడుకు కబురు మోస్తాయి. 12,000 దాకా ఉన్న బయటి రోమకణాలు సాగుతూ ముడుచుకుంటూ సన్నని సవ్వడికి బలం పోస్తాయి.

1953లో కోలిన్ చెర్రీ అనే పరిశోధకుడు కొందరికి చెవికో మాట వినిపించి, ఒక్కదాన్నే వెంటవెంట పలకమన్నాడు. పలికారు. రెండో చెవిలో ఇంగ్లీషు పోయి జర్మన్ వచ్చినా వాళ్ళకు తెలియలేదు. 1959లో నెవిల్ మోరే అనే మరో పరిశోధకుడు అలా వదిలేసిన చెవిలోనే వినేవాళ్ళ పేర్లు పలికించాడు. మూడో వంతు మంది ఉలిక్కిపడ్డారు. నువ్వు మూసిన తలుపుకీ ఓ సందు ఉంచుతావు, మన పేరు దూరేంత.

నీ విలువ నాకు చెప్పింది మాత్రం మూల కుర్చీలో కూర్చున్న అమ్మమ్మ. "వినబడుతూనే ఉంది నాయనా, మాటే తెలీటం లేదు" అంటుంది. ఆవిడ చెవి మిషను డోలునూ గరిటెనూ మనవడి గొంతునూ ఒక్కలాగే పెంచి పోస్తుంది. రాలిన రోమకణాలు మళ్ళీ మొలవవు. ఆవిడకు కరువైంది చప్పుడు కాదు, చెరిగే చేట.

కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను, మొహం వెలుతురులో పడేలా. ఆవిడ కళ్ళు నా పెదాల మీద నిలిచాయి. మేళం మోగుతూనే ఉంది.

"అన్నం తిన్నావా అమ్మమ్మా?"

ఒక్క క్షణం ఆగింది. ఏరుకుంది.

"నువ్వు తిన్నావా?" అంది.