పడుగుకు పట్టిన బిరుసు

పొదిలి చేలల్లో విచ్చుకున్న పత్తి ఎంత మెత్తగా ఉంటుందో, దాన్నుంచి వడికిన ఒంటిపోగు నూలు కూడా అంతే మెత్తన. పోగు చుట్టూ సన్నని నూగు లేచి ఉంటుంది. మగ్గంమీద పడుగు పోగుకు తీరిక ఉండదు. ప్రతి పోటుకూ అచ్చు పళ్ల మధ్య ఒరుసుకోవాలి, పైకీ కిందికీ కదలాలి, బిగువు ఓర్చుకోవాలి. అంత పనికి తట్టుకునే బిరుసు దానికి గంజి వల్ల వస్తుంది. చీర నేసినవారిని మెచ్చుకుంటాం గానీ, పడుగుకు గంజి పెట్టినవాళ్లను తలుచుకునేవారు అరుదు. నా దృష్టిలో సగం చీర వాళ్లదే.

పని పొద్దున్నే మొదలవుతుంది. ఎండ ముదిరితే గంజి పోగుకు పట్టకముందే ఆరిపోతుంది. పడుగును వీధి పొడవునా సాచి, రెండు కొసలా బిగించి, పోగులు కలిసిపోకుండా మధ్యమధ్య కర్రలు దూరుస్తారు. బియ్యపు గంజి పట్టించి పెద్ద కుంచెతో ఒకే వాటాన దువ్వుకుంటూ పోతారు. నేర్పంతా ఈ దువ్వడంలోనే ఉంది. నూగు తన పోగుకే అణగాలి, పక్కపోగుకు అంటుకోకూడదు. ఆరుతున్నకొద్దీ మళ్లీ దువ్వాలి. తెగిన పోగు కనిపిస్తే అక్కడికక్కడే అతకాలి. వట్టి గంజి పోగును పెళుసు చేస్తుంది కాబట్టి కాస్త నూనె కూడా పట్టిస్తారు. బిరుసెక్కిన పోగు వంగడం మరిచిపోకూడదు కదా!

గంజి తక్కువైతే నూగు మళ్లీ లేస్తుంది. ఎక్కువైతే మగ్గం కింద పొడిగా రాలుతుంది, పోగులు పుటుక్కున తెగుతాయి. ఎంత చాలునో నూలు నంబరును బట్టీ ఆనాటి గాలిలో చెమ్మను బట్టీ మారుతుంది. అది వేళ్లకే తెలుస్తుంది. ఉతికిన పంచెకు మనం పెట్టే గంజి మడత నిలవడానికి. పడుగు గంజి నేత సాగడానికి. బట్టను ఉతికితే అది వదిలిపోతుంది, నేత మిగులుతుంది.

ఒంగోలులో పుట్టిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి తలపెట్టిన మాండలిక వృత్తిపదకోశంలో చేనేత సంపుటం 1971లో వచ్చింది. నేతపని మాటలకే ఒక సంపుటం పట్టిందంటే ఆ పనిలో ఎన్ని మెలకువలున్నాయో ఊహించవచ్చు.

రెండు పోగులు కలిపి పేనిన నూలుకు చాలాసార్లు గంజితో పనుండదు. ఒంటిపోగుతో సన్నని బట్ట నేయాలంటే మాత్రం తప్పదు. చేత్తో పెట్టాలంటే పొద్దున్నపూట బండ్లు తిరగని పొడవాటి వీధి కావాలి. నేతవారికి ఇళ్లు కట్టించేటప్పుడు అలాంటి వీధి ఒక్కటి వదిలితే చాలు.