దేవదాసుకి కన్నీళ్లు, వాడకి తిట్లు

తెలుగు ప్రేక్షకులు తాగుబోతుని చూసి మనసారా ఏడ్చింది 1953లో, వేదాంతం రాఘవయ్య తీసిన ‘దేవదాసు’ చూసి. ఆ తాగుబోతు జమీందారు కొడుకు. తండ్రి పరువు అడ్డమొచ్చి ప్రేమ చెడింది, తాగాడు. అతని తాగుడికి కారణం ఉంది, పాటలున్నాయి. అదే గుక్క పొద్దుగూకాక మాదిగవాడలో ఒక కూలివాడు తాగితే ‘వాళ్లంతే’ అని ఊరు తేల్చేస్తుంది. జమీందారు బిడ్డది మనోవ్యథ, కూలివాడిది కులగుణం! ఈ తేడా మీద మన విమర్శ పెద్దగా నోరు మెదపలేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా అమ్మకం ఆపించారు. అక్షరాస్యత తరగతుల్లో మొదలైన మాటలు రాష్ట్రమంతా పాకాయి. కూలి ఆడవాళ్లు, దళిత ఆడవాళ్లు ముందుండి నడిపిన పోరాటమది. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్నీ ఎత్తేశారు. ఆ ఉద్యమం చుట్టూ వచ్చిన రాతల్లో తాగే మగాడు ఎక్కువగా రెండు వేషాల్లోనే కనిపిస్తాడు: పెళ్లాన్ని కొట్టే మృగం, లేదా సర్కారు పాకెట్లకి బలైన అమాయకుడు. రెండూ అబద్ధం కాదు. కానీ రోగిగా అతను కనిపించడం బహు అరుదు.

రోగి అని ఊరికే అనడం లేదు. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడికి మందు ఒక్కసారిగా ఆగితే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర రాదు. కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులకి లేనివి కనబడతాయి, పక్కనున్న మనిషిని గుర్తుపట్టడు. వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. దీనికి దెయ్యం పట్టిందని తాయెత్తు కట్టేవాళ్లున్నారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి మందు దుకాణాలూ కల్లు కాంపౌండ్లూ మూసేస్తే హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకి జనం బారులు తీరారు. కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం కలుపుతారు. అందుకే తాగేవాడికి తను దేనికి బానిసయ్యాడో కూడా తెలీదు. కల్లు మానేశాననుకుంటాడు, ఒళ్లు మత్తుబిళ్ల అడుగుతుంది. నిషేధం వల్ల ఖజానాకి ఎంత నష్టమో లెక్కేసినవాళ్లున్నారు గానీ, మానేసిన ఆ మొదటి వారం వాడలో మనుషులు ఎట్లా గడిపారో రాసినవాళ్లు మాకంతగా కనబడలేదు.

కులాన్ని పక్కనబెట్టి ఈ జబ్బుని అర్థం చేసుకోలేం. మ్యాన్‌హోల్‌లోకి దిగే మనిషి ఆ కంపు భరించలేక ముందే తాగి దిగుతాడు. గొయ్యి తవ్వినందుకూ, పశువు కళేబరం ఈడ్చినందుకూ, చావు దగ్గర డప్పు కొట్టినందుకూ కూలితోపాటు మందు పోయించే ఊరే తర్వాత అతన్ని తాగుబోతోడా అంటుంది. చికిత్స చేసి, ‘మనసు గట్టిచేసుకో’ అని చెప్పి మళ్లీ అదే గుంటలోకి దించితే ఎన్నాళ్లు నిలుస్తాడు? బయటికొచ్చాక వేరే పని కావాలి, కలుపుకునే మనుషులు కావాలి. మానినవాడు మళ్లీ తాగితే, షుగరు తిరగబెట్టినప్పుడు ఎట్లా ఆస్పత్రికి పోతామో అట్లాగే పోవాలి. 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితుల్ని కూడా మానసిక అనారోగ్యంలోనే చేర్చింది. ప్రభుత్వ వైద్యం పొందడం హక్కు అంది.

రోగి అన్నంత మాత్రాన దెబ్బలు మాఫీ అయిపోవు. తాగి కొట్టినవాడు చికిత్సకీ రావాలి, కొట్టినందుకు జవాబూ చెప్పాలి. ఇందులో దూబగుంట ఆడవాళ్ల పక్షమే మేము. అంబేడ్కర్ 1956లో నాగపూర్‌లో చేయించిన ప్రతిజ్ఞల్లో మద్యం ముట్టననేది ఒకటి. దాన్ని మేము ఆత్మగౌరవ ప్రకటనగా తీసుకుంటాం, మాట నిలుపుకోలేకపోయినవాణ్ణి వెలేసే కర్రగా కాదు.

మన సంఘాలు ఇకనుంచి దుకాణం ముందు ధర్నా చేసిన రోజే మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ వెళ్లాలి. వణుకు తగ్గించే మాత్రలూ, విటమిన్ బి1 ఇంజక్షన్లూ ఉన్నాయా, రాత్రిపూట ఫిట్స్ వస్తే చూసేవాళ్లున్నారా అని అడగాలి. లేవంటే ఆ మాట రాతపూర్వకంగా తీసుకోవాలి.