చక్కెర పొరకు ప్రొటీన్ తోడు

ఒమన్ ఉత్తర బాతినా తీరంలోని సహం మొదలు మన పాడేరు ఏజెన్సీ దాకా సికిల్ సెల్ జబ్బు ఉంది. ఒమన్ జనాభాలో సుమారు 6 శాతం మంది సికిల్ జన్యువును మోస్తున్నారని అక్కడి జాతీయ సర్వే తేల్చింది. జబ్బు ముదిరిన పిల్లల్లో కొందరికి ప్లీహం తీసేయాల్సి వస్తుంది. ప్లీహం లేనివారికి న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా సోకితే పొద్దున జ్వరం మొదలై మర్నాటికల్లా ప్రాణం మీదికి రావచ్చు. అంత తీవ్రంగా సోకినవారిలో సగం మంది దాకా చనిపోతారు. ఈ ప్రమాదాన్ని 1952లోనే కింగ్, షుమాకర్ అనే అమెరికన్ సర్జన్లు గుర్తించారు.

దీన్ని ఆపే టీకా పనితనం నన్ను కట్టిపడేస్తుంది. న్యుమోకాకస్ ఒంటి చుట్టూ చక్కెర పొర కప్పుకొని ఉంటుంది. రెండేళ్లలోపు పిల్లల ఒంటికి ఉత్త చక్కెర గుర్తుండదు. అందుకే దానికో ప్రొటీన్‌ను అతికిస్తారు. ఎక్కువగా వాడేది సీఆర్ఎం197. ఇది డిఫ్తీరియా విషమే, కాకపోతే 52వ స్థానంలో గ్లైసిన్ బదులు గ్లుటామిక్ ఆమ్లం ఉంటుంది. ఆ ఒక్క మార్పుతో విషం విరిగిపోతుంది, రోగనిరోధక వ్యవస్థను మేల్కొలిపే గుణం మాత్రం మిగులుతుంది.

1953లో మొదలైన హైదరాబాద్ సంస్థ బయోలాజికల్ ఇ ఇదే ప్రొటీన్‌తో 14 రకాల న్యుమోకాకస్‌ల టీకా చేసింది. 2022 డిసెంబరులో దానికి మన దేశంలో అనుమతి వచ్చింది. పసిపిల్లలకు 6, 10, 14 వారాల వయసులో వేస్తారు. పద్నాలుగు రకాల బ్యాక్టీరియానూ విడివిడిగా పెంచి, వాటి చక్కెరలను శుద్ధిచేసి, ప్రొటీన్‌కు కలిపి, చివరికి అర మిల్లీలీటరులో ఇమడ్చాలి. చక్కెర గొలుసును మరీ చిన్నగా తెంపితే యాంటీబాడీ గుర్తుపట్టే రూపం చెడుతుంది, మరీ పొడుగ్గా వదిలితే అతుకు సమంగా పడదు.

ఇంత శ్రమతో చేసే టీకాకు పెట్టే ఖర్చు దండగా కాదా అని లెక్కేసే ముందు అది పనిచేస్తుందని తేలాలి. ఆపరేషన్ రోగులను స్టాఫిలోకాకస్ అనే మరో బ్యాక్టీరియా నుంచి కాపాడాలని మెర్క్ కంపెనీ గుండె ఆపరేషన్లలో, ఫైజర్ కంపెనీ వెన్నెముక ఆపరేషన్లలో టీకా పరీక్షలు జరిపాయి. టీకాలు ఫలితం చూపకపోవడంతో అవి వరుసగా 2011లో, 2018లో మధ్యలోనే ఆగిపోయాయి. పనిచేయని టీకా ఎంత చౌకైనా దండగే. ప్లీహం విషయం వేరు. ఇక్కడ ప్రమాదం ఎవరికో ముందే తెలుసు, పనిచేసే టీకా చేతిలో ఉంది. ఒక్క ఇన్ఫెక్షన్ తప్పినా ఐసీయూ ఖర్చు ముందు టీకా ధర చాలా చిన్నది.

మీ ఇంట్లో ఎవరికైనా ప్లీహం తీసే తేదీ పెట్టినట్లయితే కనీసం రెండు వారాల ముందే టీకాల గురించి డాక్టరును అడగండి. ఏ వయసుకు ఏ టీకా అన్నది ఆయన చెబుతారు. అత్యవసరంగా తీయాల్సి వస్తే రెండు వారాల తర్వాత తప్పకుండా వేయించండి.